ఇంపోర్టిన్ బయటికెట్ల వస్తది?

భద్రాచలం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. ఆ రోజు పాఠం, కణకేంద్రకంలోకి ప్రోటీన్లు ఎలా వెళతాయన్నది. చిన్న ప్రోటీన్లు కేంద్రకం పొరలోని రంధ్రాల గుండా వాటంతటవే వెళతాయనీ, పెద్దవాటిని ఇంపోర్టిన్ అనే మరో ప్రోటీన్ పట్టుకుని లోపలికి తీసుకెళుతుందనీ బొమ్మ గీసి చెప్పాను.

కోయగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఏడాదిగా ఆమె క్లాసులో నోరు విప్పింది లేదు.

"మేడమ్, లోపలికి పోయినంక ఆ ప్రోటీన్‌ను ఇంపోర్టిన్ ఎట్ల విడుస్తది? అది మల్ల బయటికెట్ల వస్తది?"

ఎన్నో ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న నాకే తట్టలేదు. "నాకు తెల్వదమ్మా, చదివి రేపు చెప్తా" అన్నాను.

సాయంత్రం లైబ్రరీలో జవాబు దొరికింది. కేంద్రకంలో రాన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. అది వచ్చి అతుక్కోగానే ఇంపోర్టిన్ తాను తెచ్చినదాన్ని వదిలేసి, రాన్‌తో కలిసి బయటికి వచ్చేస్తుంది.

మర్నాడు నేను మొదలుపెట్టేలోపే ఆ అమ్మాయి చేయెత్తింది. "నేను గూడ చదివొచ్చిన మేడమ్, చెప్పాల్నా?"

సుద్దముక్క ఆమెకిచ్చి, వెళ్లి ఆమె బెంచీలో కూర్చున్నాను. తడుముకోకుండా అంతా చెప్పింది. తన ఊరి స్నేహితురాలికి అర్థం కాకపోతే కోయ భాషలో మళ్లీ చెప్పింది.

ఇప్పుడు ఆమె హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. నా శిష్యురాలని చెప్పుకునే అవకాశం వస్తే నేను వదలను.