షట్టరు వైపు తిరిగిన మనిషి

నాకు కుదురు తక్కువ. కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే పదకొండో నిమిషానికి ఏదో ఒక వంకతో లేస్తాను. అలాంటి నన్ను తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టారు. రెండువేల దశకం చివర్లో, జగ్గయ్యపేట మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పటి సంగతి ఇది. చెత్త ఎక్కడ పడితే అక్కడ పోస్తున్నారనీ, బజార్లో బళ్ళు దొంగలు ఎత్తుకుపోతున్నారనీ కౌన్సిల్లో గొడవయ్యాక నాలుగు చోట్ల స్తంభాలకు కెమెరాలు బిగించారు. వాటిని చూడ్డానికి మాత్రం మనిషి లేడు. "నువ్వెలాగూ సీట్లో ఉండవు, దీని ముందన్నా ఉంటావేమో" అని మా ఆఫీసరు ఆ పని నాకు అంటగట్టారు.

ఆ తెరలో ఏమీ జరగదు. ఆవులు వస్తాయి, ఆటోలు వస్తాయి, చిల్లకల్లు వైపు నుంచి మిరపకాయల లోడుతో వచ్చిన ట్రాక్టరు మలుపులో ఇరుక్కుంటుంది. మొదట్లో జనం కెమెరా కింద ఆగి జుట్టు సర్దుకునేవాళ్ళు. తర్వాత దాన్ని మర్చిపోయారు. నేను మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేవాణ్ణి.

ఒక బుధవారం ఆఫీసరు పిలిచారు. పక్కన హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. బజార్లో బంగారం కొట్టు షట్టరు ముందు రోజూ ఎవరో ఒకావిడ నిలబడుతోందని కొట్టు యజమాని ఫిర్యాదు ఇచ్చాడట. వారం రోజుల రికార్డింగు వేయమన్నారు. వేశాను.

కొంగు తలమీదుగా కప్పుకున్న ముసలావిడ. చేతిలో సంచి. పొద్దున తొమ్మిదిన్నర దాటాక వస్తుంది, మూసి ఉన్న షట్టరు వైపు మొహం తిప్పి నిలబడుతుంది, పావుగంటకో ఇరవై నిమిషాలకో వెళ్ళిపోతుంది. సోమవారం అదే, మంగళవారం అదే.

"తాళాలు చూసుకుంటందేమోనండి. ఇట్టాంటోళ్ళని ముందు పంపిస్తే ఎనకాల ముఠా వస్తది," అన్నాడు కానిస్టేబుల్. "రేపు జీపెక్కించి స్టేషన్లో నాలుగు మాటలు అడిగితే అదే తెలుస్తది."

మొహం కనపడకపోయినా ఆ సంచి నాకు తెలుసు. నా పాత ప్యాంటు కత్తిరించి కుట్టిన సంచి అది. ఆవిడ మా మేనత్త. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. అమ్మా నాన్నా మా చిల్లరకొట్లో ఉంటే నన్ను పెంచింది ఆవిడే.

నోరు తెరవడానికి నాకొక నిమిషం పట్టింది. ఆ నిమిషం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "మా మేనత్తండి," అన్నాను చివరికి.

"అక్కడెందుకు నిలబడతన్నారు?" అన్నాడు కానిస్టేబుల్.

"తెలీదండి."

"కనుక్కుని రేపు చెప్పు," అన్నారు ఆఫీసరు, మర్యాదగానే. "కాయితం మీద వచ్చింది కదా. ఏదో ఒకటి రాయాలి."

వాళ్ళు వెళ్ళాక రికార్డింగు మళ్ళీ వేశాను. ఎంతమంది వెళ్తున్నా ఆవిడ పట్టించుకోదు. కొట్టుకి ఎదురుగా ఉన్న మా సందులోంచి ఒక మోటారుసైకిలు బయటికి వచ్చేసరికి మాత్రం కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంటుంది, మొహం షట్టరుకు తగిలేటంత దగ్గరికి జరుగుతుంది. బండి పోయాక ఇటు తిరిగి సందులోకి నడుస్తుంది. హడావుడిగా, ఎటూ చూడకుండా పోతున్న ఆ బండి మనిషిని పోల్చుకోవడానికి నాకు రెండు రోజుల రికార్డింగు చూడాల్సి వచ్చింది. నేనే. ఆదివారం నాడు ఆవిడ అసలు ఆగలేదు, నేరుగా ఇంటికి నడిచింది. ఆదివారం నాకు ఆఫీసు లేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తుందో అన్నీ అడిగి చెప్పించుకుంది.

"పని మీద బయల్దేరేవాడికి నేను ఎదురు రావడమెందుకురా? కాసేపాగితే నా సొమ్మేం పోద్ది?"

"కూరగాయలు నేనెళ్ళాక తెచ్చుకోవచ్చుగా."

"అప్పటికి మంచియ్యి ఉండవు. అయినా నువ్వెప్పుడు బయల్దేరతావో నీకే తెలీదుగా."

"నేనెప్పుడన్నా ఎదురు రావొద్దన్నానా అత్తా?"

"నువ్వేం అన్లేదులే."

నేను వదల్లేదు. గొంతు కూడా పెంచాను. ఆవిడ తలెత్తకుండా చెప్పింది. "నందిగామలో డిగ్రీ పరీక్షకి బయల్దేరావు చూడు. నేను సందులో ఎదురుపడ్డా. నువ్వేం అన్లా. ఎనక్కెళ్ళి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరావు. ఆ రోజు నీకు బస్సు తప్పిపోయింది."

తొంభైల్లో మాట అది. బస్సు పోవడం గుర్తుంది, పరీక్ష హాల్లోకి అరగంట ఆలస్యంగా వెళ్ళడం గుర్తుంది. వెనక్కి రావడం మాత్రం గుర్తులేదు. ఎదురు బాగోలేదనుకుంటే వచ్చి కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళడం మా ఇళ్ళల్లో అందరూ చేసేదే. నేను ఆలోచించి చేసింది కాదు. ఆలోచించకుండా చేశాను కాబట్టే ఆవిడ దాన్ని అంతగా నమ్మింది.

"రేపట్నించి అక్కడ నిలబడొద్దు. నాకు ఎదురే రా," అన్నాను. ఏడుపొస్తోంది, మాట మాత్రం కోపంగానే వచ్చింది.

"సరేలే, అక్కడ నిలబడన్లే," అంది.

మర్నాడు ఆఫీసులో, "మోకాళ్ళ నొప్పులండి, నడవలేక కాసేపు ఆగుతుంది," అని చెప్పాను. నిజం చెప్పాలంటే నా సంగతి చెప్పుకోవాలి, ఆ ధైర్యం నాకు లేదు. వాళ్ళు అలాగే రాసుకుని ఫైలు మూసేశారు.

ఆవిడ మాట తప్పలేదు. షట్టరు ముందు మళ్ళీ కనపడలేదు. ఓ వారం పోయాక ఆఫీసరు తెర వైపు చూసి, "మీ మేనత్తగారికి నొప్పులు తగ్గినట్టున్నాయే," అన్నారు. తగ్గాయండి అన్నాను.

కానీ నాకు ఒక్కనాడూ ఎదురు రాలేదు. నేను వెళ్ళిన ఐదు నిమిషాలకే కూరగాయలతో వస్తోందని అమ్మ చెప్పింది. అప్పట్నుంచి రోజూ పొద్దున బండి నెమ్మదిగా పోనిస్తూ, రెండు పక్కలా ప్రతి సందులోకీ తొంగి చూసేవాణ్ణి. నేను దాటిపోయేదాకా ఆవిడ ఎక్కడ నిలబడేదో నాకు తెలియనే లేదు.