చిన్నక్షరాల వరుస

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోనులో ఒక పుస్తకం పేరు కొట్టి, అదే పేరుతో నాలుగైదు కనబడేసరికి, వీటిలో తనకు కావలసింది ఏదని నన్ను అడిగింది. లైబ్రరీలో పనిచేసినదాన్ని కదా, పేరు కింద ఉండే చిన్నక్షరాలు చూడమని చెప్పినాను. చెప్పినాక ఆ పూటంతా హోసూరే మనసులో మెదులుతూ ఉండిపోయింది.

తొంభైల్లో తమిళనాడు అంచునున్న ఆ ఊరి లైబ్రరీలో తెలుగు పుస్తకాలు చూసుకునే పని నాది. కృష్ణగిరి నుంచి ఒంటరిగా వచ్చి, ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున పలకరించే మనిషి గాని సాయంత్రం ఎదురుచూసే మనిషి గాని లేక, పుస్తకాల మధ్యే పొద్దుపుచ్చిన ఏళ్ళవి. ప్రతి పుస్తకానికీ కార్డు రాసేటప్పుడు పేరుతోపాటు దాని కింద చిన్నక్షరాల్లో ఉండే వరుసను కూడా పూర్తిగా ఎక్కించేదాన్ని. కంప్యూటర్ వచ్చినాక మా పెద్దసారు, తమిళాయన, మంచివాడే, "పేరొక్కటి చాలమ్మా, అంత చాంతాడు ఎవరు కొడతారు" అని ఆ వరుసలన్నీ తీయించేసినాడు. నేను వాదించినాను గాని నా మాట చెల్లలేదు.

ఒక మధ్యాహ్నం డెంకణికోట దిక్కు నుంచి నా ఈడు రైతు ఒకామె వచ్చింది. అడవి పక్కన చేను, రాగులు కోతకొచ్చే వేళకు ఏనుగులు తొక్కిపోతున్నాయట. "వాటిని తోలే ఉపాయం చెప్పే పుస్తకం ఈడ ఉందన్నారప్పా" అని గుమాస్తాను అడిగితే, అతను కంప్యూటర్లో ఏనుగు అని కొట్టి చూసి, లేదన్నాడు. ఆమె మెట్లు దిగిపోతూ ఉంటే నేను లోపలినుంచి పరుగెత్తుకొచ్చి పిలిచినాను. ఆ పుస్తకం పేరు "చెప్పకుండా వచ్చే చుట్టాలు". ఏనుగుల నుంచి పంటను కాపాడుకునే విధానాలు అన్న మాట ఆ కింది వరుసలోనే ఉండేది; అది తీసేసినందువల్ల పుస్తకం పోయి కథల బీరువాలో చేరింది. పెద్దసారు దాన్ని తిరగేసి చూసి, "రాసెయ్యమ్మా, అన్నీ మళ్ళీ రాసెయ్" అన్నాడు.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె కొంగులో అనపకాయలు మూటగట్టి తెచ్చింది. "సగం చేనన్నా దక్కిందమ్మా" అని నా పక్కన కూర్చుని, కాయలు ఒలుస్తూ, యాడ పుట్టినావు, నీకెవరున్నారు అని అడిగింది. హోసూరులో అన్నేళ్ళకు ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఆ తర్వాత సంతకు వచ్చినప్పుడల్లా వచ్చి కాసేపు కూర్చుని పోయేది. రెండువేల సంవత్సరం దాటినాక నన్ను ఉన్నపళంగా కృష్ణగిరికి మార్చినారు. ఆమెకు చెప్పి రావడానికి కూడా వీలు కాలేదు.

ఇప్పటి లైబ్రరీల్లో పుస్తకం గురించి ఎంత కావాలంటే అంత, వెనక అట్ట మీది మాటలతో సహా, తెర మీదే కనిపిస్తుంది. మంచిదే. కాని నా ఈడువాళ్ళకు తెలుసు, అప్పట్లో పుస్తకం దొరకాలంటే ఒక మనిషిని పలకరించాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరినీ పలకరించకుండానే దొరికిపోతోంది.