మడతరొట్టె వెనక చప్పుడు

నిన్న సాయంత్రం మా నస్పూర్ కాలనీలో కరెంటు పోయింది. బొగ్గు తవ్వే ఊళ్లో చీకటి కొత్తేమీ కాదు. కానీ మా వీధి మలుపులోని మెక్సికన్ హోటల్ యజమాని, నన్ను నోరారా మామా అని పిలిచే వరస అల్లుడు, గుమ్మంలోనే ఎదురొచ్చి, "కరెంట్ లేదు మామా, రొట్టెలు గావు" అనేసరికి కొయ్యబారిపోయాను. చేత్తో చరిచే రొట్టెకు కరెంటుతో ఏం పని?

నస్పూర్‌లో మెక్సికో ఏమిటని మీరు నవ్వొచ్చు. మొదట్లో నేనూ నవ్వాను. ఆ అల్లుడు దుబాయిలో ఒక మెక్సికన్ హోటల్ వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చి, అదే వంట ఇక్కడ మొదలుపెట్టాడు. అతను కోడికూర వండుతాడు, భార్య గల్లా చూసుకుంటూ ప్లేట్లు అందిస్తుంది, తల్లి తెర వెనక కూర్చుని మక్కపిండి రొట్టెలు చేస్తుంది. ఆమెది భైంసా, పుట్టింట్లో జొన్న భాకరీలు చరిచిన చెయ్యి. రొట్టెను మధ్యకు మడిచి, లోపల కోడి, రాజ్మా, పచ్చి టమాట తొక్కు, పైన నిమ్మరసం. కొరికితే మోచేతి దాకా కారాల్సిందే. దీని పేరు టాకో అన్నాడు అల్లుడు. "ఏం టాకోనో! మడతరొట్టె అను, తెలుస్తది" అంది తల్లి. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను.

ఈ హోటల్‌కు గిరాకీ తెచ్చింది నేనే. మెక్సికో నుంచి ఒక దొర వచ్చి, ఈ రొట్టె తిని, చెల్లె కాళ్లు మొక్కాడని కాలనీ అంతా చెప్పాను. దొర రాలేదు లెండి. వచ్చింది చొప్పదండి నుంచి మా బావమరిది. మొక్కనూ లేదు, ఇంకో రొట్టె అడిగాడు, అంతే. తెర వెనక పట్ పట్ మనే చప్పుడు వినగానే కళ్లు మూసుకుని, "మిషిన్ రొట్టె వాసన నాకు వీధి చివర్నే తెలుస్తది. గీ ఇంట్ల మిషిన్ వెట్టిన నాడు నేను అడుగువెట్ట" అని అందరి ముందూ శపథాలు చేసేవాణ్ని.

"చేతిరొట్టెకు కరెంటెందుకురా?" అని నిన్న గుమ్మంలో అడిగితే అల్లుడు నేల చూశాడు. చెల్లె తెర తొలగించుకుని వచ్చింది.

"ఇగ దాసుడెందుకు? భుజం లేస్తలేదన్నా. ఇట్లనే కొడితే చెయ్యి పడిపోతదన్నడు డాక్టర్. ఎండకాలం సంది మిషిన్ రొట్టెనే. నువ్వు రావని, నువ్వు తోలిన గిరాకీ గూడ రాదని, చెప్పలే."

"మరి ఆ చప్పుడు?"

"అది నేనే మామా," అన్నాడు అల్లుడు. "నిన్ను చూడంగనే పీట మీద తడిగుడ్డ కొడుతుంటి."

కోడలు నవ్వాపుకోలేకపోయింది. "మొన్న గూడ, అత్తమ్మ చెయ్యి వడ్డది, అందుకే గింత రుచి అన్నవు గదా పెద్దబాపు!"

నా ముక్కు పరువు సంగతి అలా ఉంచండి. భుజం ఎప్పటి నుంచి నొస్తోందని అడిగాను. "ఏండ్లయితుంది. ఆపుదామనుకున్నప్పుడల్లా నువ్వొచ్చి మెచ్చుకుంటివి, నోరు రాలే" అంది చెల్లె.

ఇంతలో కరెంటు వచ్చి, లోపల మిషిన్ గుర్రుమంది.

"తెర పీకెయ్యి అల్లుడా," అన్నాను. "మిషిన్ రొట్టె అని ఊరంత నేనే చెప్త. జపాన్ నుంచి తెప్పించిండ్రని చెప్త."

"కోయంబత్తూర్ది అన్నా."

"నువ్వూకో చెల్లె."

ఆమె తన ప్లేటు తెచ్చుకుని, ఎడమచేత్తో కుర్చీ లాక్కుని, మొదటిసారి నా ఎదురుగా కూర్చుని తింది. ఇక్కడ ఏదీ మారకూడదని ఇన్నాళ్లూ మొండికేశాను. నేను ఆపాననుకున్న కాలం ఆమె భుజంలో నడుస్తూనే ఉంది.