ఎంగిలయిందన్నాను

ఓసీడీ అంటే శుభ్రం పిచ్చి అని మా చిక్కడపల్లి గల్లీ మొత్తం నమ్ముతుంది. సింకులో నిన్నటి గిన్నెలు పెట్టుకున్న నాకు ఆ జబ్బంటే నవ్వుతారు. మురికి నన్నెప్పుడూ ఏమీ అనలేదు. అనేది నా బుర్ర. వండిన ప్రతి గిన్నెలో నేనే ఏదో విషం కలిపి మరిచిపోయానంటుంది. కలపలేదని నాకు తెలుసు. తెలిసినా ఆగదు. అందుకే ఎవరికి వడ్డించాలన్నా ముందు నేను తిని చూస్తాను. అదే మానమన్నారు హైదర్‌గూడ డాక్టరుగారు. తిని చూసినకొద్దీ అనుమానం బలుస్తుందట. నిజమే, బలిసింది.

బోనం రోజు ఆ తిని చూసే దారి కూడా ఉండదు. అమ్మవారికి పెట్టకముందు రుచి చూస్తే ఎంగిలి. మొన్నటి ఆషాఢంలో బియ్యంలో పాలు, బెల్లం వేసి బోనం వండుతుంటే, పొద్దున ఇల్లు తుడిచిన ఫినాయిల్ సీసా వంటింటి గడప దగ్గరే కనబడింది. ఇంకేముంది!

అప్పటికే కవాడిగూడ నుంచి మా ఆడబిడ్డ మూడేళ్ల మనవరాలితో దిగింది.

"జర ఈ బోనం కుండల చూడు, ఏమన్న పడ్డదా?" అన్నాను.

"ఏం పడ్తది వదినా, బెల్లమే గద! నీకు ఓసీడీ అని అన్న చెప్తే నవ్వొచ్చింది. ఓసీడీ అంటే మా కోడలిది. దుప్పటి మీద ముడతుంటే ఊకోదు. నీ ఇల్లు చూడు, అంగడి తీర్గ ఉన్నది."

"మీ కోడలిది సోకు, నాది రోగం. రెండూ ఒకటే అయితే నా గోలీలు పంపుత, మింగమను."

"నీ నోటికి మాత్రం ఏ రోగం రాదమ్మా!"

గుడి నుంచి వచ్చి నేను కాళ్లు కడుక్కునేలోపే మా ఆడబిడ్డ పిల్లకు కప్పులో ప్రసాదం పెట్టేసింది. నేను లోపలికి వచ్చేసరికి కప్పు ఖాళీ. పిల్ల అదే చెంచా కుండలో ముంచి నోటి దగ్గరకు తెచ్చుకుంటోంది. గుంజేశాను. అన్నం నేలపాలైంది. పిల్ల గుక్కపట్టింది.

"ఏమైంది వదినా? పొల్ల ఎంగిలి చెంచ కుండల పెట్టిందనేనా? గింత మడా? ఇప్పుడు నమ్ముతున్న, నీకు ఓసీడీ ఉన్నది!"

నీ మనవరాలికి విషం పెట్టానేమో అని ఏ నోటితో చెప్పను?

"అవును, ఎంగిలయింది" అన్నాను.

పిల్ల ఏడుస్తూనే వేళ్లకంటిన బెల్లం నాకుతోంది. దాని ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను.