పుర్రచేతి ఆట

మొన్న బందరులో కుర్రాళ్ళ బాక్సింగ్ పోటీలకి నన్ను పిలిచారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, పుర్రచేతి వాటం వాళ్ళని ఎలా కొట్టాలో ఆ రోజుల్లో ఎవరూ నేర్పకుండానే కనిపెట్టిన మనిషి వీరేనండీ అని చెప్పి నా మెడలో దండ వేయిస్తే, వెంటనే తీసి కుర్చీ కింద పెట్టేశాను. నా ఈడువాళ్ళు చాలామంది ఇప్పటికీ అదే నిజమనుకుంటున్నారు. కాదు.

తొంభైల్లో గుడివాడలో, మూతబడిన రైసుమిల్లు గోడౌనులో మేం బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళం. మా మాస్టారికి ఒక పట్టుదల ఉండేది, అన్నం తినే చేత్తోనే కొట్టాలని. ఇళ్ళల్లో పిల్లల ఎడమచేతి మీద చరిచి కుడిచేత్తో ముద్ద అలవాటు చేసినట్టే, ఎడమచేతి వాటంతో వచ్చినవాళ్ళకి ఆయన కాళ్ళు మార్పించి కుడివాళ్ళని చేసేవారు. అదేదో మంచి మర్యాద నేర్పుతున్నట్టు మేమూ నవ్వుతూ చూసేవాళ్ళం. తలుచుకుంటే రోత. అలా మారినవాళ్ళలో మా మేనత్త కొడుకు, మొవ్వ బావ ఒకడు. మారిన దగ్గర్నించీ కొత్త చెప్పులు కరిచినవాడిలా కదిలేవాడు.

దాంతో మాలో ఎవరికీ ఎడమచేతివాడితో తలపడిన అనుభవమే లేకుండా పోయింది. ఒక ఏడు నాగాయలంక నుంచి చేపల వేటకెళ్ళే ఇంటి కుర్రాడొకడు పోటీలకి వచ్చి, కుడికాలు ముందు పెట్టి, ఎడమచేత్తో మావాళ్ళని వరసపెట్టి పడగొట్టాడు. మాకు కుడివైపుకి జరగడం అలవాటు. జరిగి జరిగి తిన్నగా వాడి ఎడమచేతి ముందుకే వెళ్ళేవాళ్ళం. "అదీ ఒక ఆటేనా? దరిద్రపు చెయ్యి!" అని మాస్టారు ఉమ్మేసేవారు తప్ప ఆయన దగ్గర ఉపాయం లేదు.

మరుసటి ఏడు ఆ కుర్రాడితో నా పోటీ అని తెలిశాక, అత్తయ్యవాళ్ళ కళ్ళంలో బావ నాకోసం తన అసలు వాటంలో నిలబడ్డాడు. నీ ఎడమకాలు నా కుడికాలికి బయటివైపే ఉండాలి, ఎడమకే జరగాలి, నా ముందు చేతిని నీ ఎడమచేత్తో అణిచిపెట్టి కుడిచేతిని తిన్నగా మధ్యలోంచి వదలాలి అని నేర్పాడు. "ఒరే బావమరిదీ, కాలు లోపల పెట్టావంటే మీ అత్తయ్య కూడా నిన్ను గుర్తుపట్టదు" అంటూ ముక్కు మీద ఒకటిచ్చేవాడు. ఆ వాటంలో అతను నీళ్ళలోకి వదిలిన కొర్రమీను. మా అందరికన్నా ఆటగాడు అతనేనని ఆ కళ్ళంలోనే నాకు తెలిసిపోయింది.

బదులుగా అతను అడిగింది ఒక్కటే. నువ్వు గెలిస్తే మాస్టారు నీ మాట వింటారు, మర్నాడు నా పోటీలో నా చేత్తో ఆడనివ్వమని చెప్పు, అన్నాడు. చెప్పకుండా ఆడితే ఆయన తువ్వాలు విసిరి పోటీ ఆపించేస్తారని మాకిద్దరికీ తెలుసు.

అప్పుడూ పోటీలు బందరులోనే. నేను గెలిచాను. మాస్టారు నన్ను కావలించుకుని, "ఎవడు నేర్పాడ్రా నీకిది?" అన్నారు. బావ పక్కనే ఉన్నాడు. అతని పేరు చెబితే గెలుపులో సగం అతనిదైపోతుంది. "ఎవరూ లేరండీ, అంతా మీ దీవెన" అన్నాను. బావ అడగమన్నదీ అడగలేదు.

మర్నాడు బావ రింగెక్కి, మాస్టారు మార్పించినట్టే ఎడమకాలు ముందు పెట్టి, గంట కొట్టేలోపు ఒకసారి నావైపు చూశాడు. నేను నేల చూశాను. తన చేత్తో ఆడితే తేలిగ్గా గెలవగలిగినవాడి మీద ఓడిపోయాడు. ఎంత నేర్పినా పుర్రచెయ్యి పుర్రచెయ్యే అని మాస్టారంటే నేను తలూపాను. అబద్ధం కన్నా ఆ తలూపడమే నీచం. బావ మళ్ళీ గ్లౌజులు ముట్టలేదు. ఇప్పటికీ మొవ్వ వెళ్తే భోంచేశావురా అనే అడుగుతాడు.

ఇప్పుడు కోచ్‌లు ఎడమచేతివాళ్ళని ఏరికోరి తెచ్చుకుంటున్నారు. మొన్న ఘంటసాల పిల్ల ఒకతె కుడికాలు ముందు పెట్టి ఆడుతుంటే, వాళ్ళ నాన్న కుర్చీలోంచి లేచి "నీ చేత్తోనే తల్లీ, నీ చేత్తోనే!" అని గొంతు చించుకుంటున్నాడు. ఎవరూ వింతగా చూడలేదు. ఆ ఒక్క మాట మా బావ కోసం అనగలిగినవాణ్ణి, అతను రింగెక్కిన ఆ రోజు బందరులో నేనొక్కణ్ణే.