కొలువు మెట్ల మీద సిపాయి

పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల సిపాయి బొమ్మలు పోగేస్తుందంటే చిత్తూరులో జనం నవ్వేవాళ్లు. నవ్వనీ, ఎవరి పిచ్చి వారికి ఆనందం. పెళ్లిచూపులకు వచ్చిన ఒకావిడ మా బీరువా తెరిచి, లోపల తుపాకులు గురిపెట్టి వరుసగా నిలబడ్డవాళ్లను చూసి, కాఫీ సగంలో వదిలేసి లేచిపోయింది. దానికి కూడా నేను బాధపడలేదు. బాధపడ్డ సంగతి వేరే ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

ఈ పిచ్చి అంటించింది మా అన్న. నాకంటే మూడేళ్లు పెద్ద. మాది బెల్లం మండీ ఇల్లు. పొద్దున లేస్తే దిమ్మెలు, గోనెలు, చీమలు. ఏడాదికి రెండుసార్లు తిరుపతికి పోయేవాళ్లం. కొండ దిగి వచ్చేవాళ్ల కోసం పెట్టిన అంగళ్లలో వేలెడంత ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిలు అమ్మేవారు. బోర్లా పడుకుని కాల్చేవాడు, మోకాలి మీద కూర్చున్నవాడు, చెవికి రేడియో ఆనించుకున్నవాడు. అమ్మానాయనలు స్వామి కోసం పోయేవాళ్లు, మేమిద్దరం వాళ్ల కోసం పోయేవాళ్లం. ఈ మాట అంటే అమ్మ లెంపలేసుకోమనేది.

మాలాంటి పిచ్చివాళ్లు ఊళ్లో ఇంకో ఇద్దరున్నారని అన్నే కనిపెట్టాడు. ఒకరు హైస్కూలు డ్రాయింగు అయ్యవారు, రెండో ఆయన ఒక కాంపౌండరు. ఆదివారం పొద్దున అయ్యవారింటి పంచలో నలుగురం చేరేవాళ్లం. కత్తీ డాలూ పట్టిన పాతకాలపు సిపాయిలకు అక్కడ చోటు లేదు. "ఈ పొద్దు సరిహద్దులో నిలబడుకోనుండేవాడు కావల్ల నాకు. రాజులూ మంత్రులూ నాటకాలోళ్లకి ఇచ్చేయండి" అనేవారు అయ్యవారు. పత్రికల్లో వచ్చిన ఫోటోలు కత్తిరించి, భూతద్దం పెట్టి, ఏ పటాలం బెల్టు ఏ రంగో తగాదా పడేవాళ్లం. నా పని కళ్లు దిద్దడం. ఒకటి రెండు వెంట్రుకలు మిగిలిన కుంచెతో, ఊపిరి బిగబట్టి దిద్దేదాన్ని. నా చెయ్యి వణకదని అయ్యవారికి ఎంత గర్వమో!

నాకు పదహారేళ్లప్పుడు అన్న బెల్లం లారీ ఎక్కి మద్రాసు పోయి, హార్బరు దగ్గర ఓడ సామాన్లు అమ్మే అంగట్లో ఒక పెద్ద సిపాయిని కొనుక్కొచ్చాడు. జానెడు పైన పొడుగు. మోచేతులు, మోకాళ్లు, మెడ, అన్నీ మడిచి ఎట్లా కావాలంటే అట్లా నిలబెట్టవచ్చు. వాడి లోపల తల నుంచి కాళ్ల దాకా రబ్బరు నాడా ఉంటుంది. అది బిగువుగా ఉన్నంతకాలం వాడు నిలబడతాడు. ఒక కాలికి బూటు లేదు, ఒంటి మీద ఏ దేశానిదో చిరుగుల చొక్కా. వాణ్ని పంచ మధ్యలో నిలబెట్టి చుట్టూ కూర్చున్నాం. కాంపౌండరు వాడి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

వాడికి మన సైన్యం బట్టలు వెయ్యాలని తీర్మానించాం. అయ్యవారు కాగితం మీద కత్తిరింపు గీసిచ్చారు, నేను కుట్టాను. పాత సైకిలు ట్యూబుతో బూట్లు చేశాను. ముఖం మీది రంగు గీకి కళ్లు కొత్తగా దిద్దాను. అన్నీ అయ్యాక టోపీ దగ్గర రభస మొదలైంది. టోపీ మీది బిళ్ల ఎడమ కంటి పైన ఉంటుందని అయ్యవారు, కుడి కంటి పైన అని కాంపౌండరు. రెండు ఆదివారాలు ఇదే గొడవ. చివరికి నలుగురం బస్టాండుకు పోయి, సెలవు మీద వచ్చే జవాను కోసం కాపు కాశాం. మధ్యాహ్నానికి ఒకాయన దిగాడు. ఆయనకు కాఫీ ఇప్పించి, చుట్టూ తిరిగి టోపీని చూశాం. బిళ్ల ఎడమ పక్కనే ఉంది. కాంపౌండరు ముఖం మాడిపోయింది.

ఆ జవానుకు మా అన్న నచ్చాడు. భుజాలు తట్టి, "ఏం తమ్ముడా, బొమ్మలకేనా గుడ్డలేసేది? నువ్వే ఏసుకోరాదా?" అన్నాడు. అందరం నవ్వాం. అన్న నవ్వలేదు. ఆ కాఫీ ఇప్పించకపోయి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు.

ఏడాది తిరక్కుండా అన్న సైన్యంలో చేరడానికి సిద్ధమయ్యాడు. నాయన మండీ మూసి ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"తక్కెడ పట్టే చేతికి తుపాకీ యేంటికిరా? మన ఇండ్లల్లో యెవుడన్నా పొయినాడా?"

"యెవురో ఒకరు మొదలు పోవల్ల గదా నాయనా."

అమ్మ ఏడ్చింది, అలిగింది, అన్నం మానింది. అన్న అన్నీ ఓర్చుకుని నిలబడ్డాడు. రైలెక్కే రోజు పెద్ద సిపాయిని నా చేతిలో పెట్టి, "వీన్ని పడనీకు పాపా" అన్నాడు. పెరిగి పెద్దయినా ఇంట్లో అందరూ నన్ను పాపా అనే పిలిచేవారు.

మా ఇంట్లో దసరాకు ఏడు మెట్ల బొమ్మల కొలువు పెడతాం. పై మెట్టు మీద తిరుపతి చెక్క రాజారాణి, వాళ్ల కింద దేవుళ్లు, అన్నిటికంటే కింద శెట్టి బొమ్మలు, వాటి ముందు చిట్టి చిట్టి గిన్నెల్లో బియ్యం, కందిపప్పు, బెల్లం. నా సిపాయిలను అమ్మ ఆ దరిదాపులకు రానిచ్చేది కాదు. "దేవుళ్ల మధ్యలో తుపాకులోడు యేందే!" అని తిట్టేది. అన్న సైన్యంలో చేరిన ఏడాది తనే వచ్చి, "ఆ పెద్దోన్ని తీసుకరా" అంది. శెట్టి అంగడి పక్కన నిలబెట్టి, కుంకుమ పెట్టింది. "అంగడికి కాపలా ఉంటాడు లే" అంది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు గుగ్గిళ్లు తీసుకుంటూ, "మీ అబ్బయ్యనా?" అని అడిగితే, అమ్మ అవుననేది. అట్లా వాడు ఆ ఇంట్లో అబ్బయ్య అయ్యాడు. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది. బట్టలు కుట్టింది నేను, కళ్లు దిద్దింది నేను, కొడుకైంది అమ్మకు.

ఎనభై ఏడులో అన్న పటాలాన్ని శాంతి కాపాడమని లంకకు పంపారు. మొదటి ఉత్తరాల్లో సముద్రం గురించి, అక్కడివాళ్లు వేసిన పూలమాలల గురించి రాశాడు. "రాముడు పోయిన దోవనే పొయినాడు, భయమేంది?" అని నాయన మండీలో అందరికీ చెప్పేవాడు. తరువాత ఉత్తరాలు పలచబడ్డాయి. ఆ ఏడు కొలువులో మా సిపాయి సరిగా నిలబడలేదు. లోపలి రబ్బరు ఎండలకు పీలికలైనట్టుంది. తొమ్మిది రోజుల్లో మూడుసార్లు శెట్టి బియ్యంలో బోర్లా పడ్డాడు. పడ్డప్పుడల్లా అమ్మ లేపి, బొట్టు సరిచేసి, గోడకు ఆనించేది.

దశమి సాయంత్రం హారతి ఇచ్చాక కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అప్పుడే కొలువు ముగిసినట్టు. ఏటా చెక్క రాణిని పడుకోబెడతాం. అది నా పని. ఆ రోజు పేరంటాలకు తిరిగి తిరిగి నా కాళ్లు పీకుతున్నాయి. రాణి పై మెట్టు మీద ఉంది, స్టూలు తెచ్చుకుని ఎక్కాలి. అమ్మ వంటింట్లోంచి "పడుకోబెట్టినావా పాపా?" అని కేక వేసింది. సిపాయి చేతికి అందే దూరంలో, అప్పటికే సగం ఒరిగి ఉన్నాడు. వాణ్నే పడుకోబెట్టి, తుపాకీ పక్కన పెట్టి, "ఆ, పడుకోబెట్టినా" అన్నాను. అంతే. బద్ధకం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

పొద్దున నేను లేచేసరికి అమ్మ మెట్ల ముందు కూర్చుని ఉంది. సిపాయి నిలబడి ఉన్నాడు. పసుపు దారంతో నడుముకూ మెడకూ చుట్టి, మెట్ల పక్కనున్న గోడ గూట్లోని మేకుకు కట్టేసింది. మిగతా బొమ్మలన్నీ పాతచీరల్లో చుట్టి పెట్టెలో పెట్టింది, వాణ్ని మాత్రం ఆ గూట్లోనే ఉంచింది.

"రబ్బరు పోయిందమ్మా, అందుకే..." అని మొదలుపెట్టాను.

"ఏం మాట్లాడొద్దు" అంది.

నాకు కోపం వచ్చింది. బొమ్మకూ మనిషికీ ముడేమిటి? నేను బి.ఎ. చదివినదాన్ని. పదిరోజులు తిరగకుండానే లంకలో మనవాళ్లకూ తమిళ పులులకూ పోరు మొదలైందని రేడియోలో చెప్పారు. అప్పటినుంచి వార్తల వేళకు నా చదువు నాకే అక్కరకు రాలేదు. గూట్లో వాడు దారాల్లో ఇంకా నిలబడే ఉన్నాడా అని రోజూ నేనూ చూసేదాన్ని. నాయన "కీడెంచి మేలెంచమన్నారు" అంటూ కాలు కాలిన పిల్లిలా ఇంటికీ మండీకీ తిరిగాడు. అమ్మ నాతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు.

దీపావళి ఇంకో రెండు రోజులుందనగా టెలిగ్రాం వచ్చింది. వీధిలో పిల్లలు అప్పుడే టపాకాయలు కాలుస్తున్నారు. నాయన అది చదివి అరుగు మీదే కూలబడ్డాడు. అన్న శవం కూడా రాలేదు, అక్కడే దహనం చేశారట. అన్నకు ఇరవై ఏడేళ్లు. అయ్యవారు, కాంపౌండరు వచ్చి గోడవారన నిలబడ్డారు. ఏడవడానికి కూడా సిగ్గుపడ్డారు పాపం. ఆ బస్టాండు కాఫీ వాళ్లకూ గుర్తొచ్చి ఉంటుంది.

మూడోనాడు అమ్మ నా పక్కన కూర్చుని, మెల్లగా ఒకే ఒక మాట అంది.

"పైన చెక్క రాణి నీకు కనపల్లేదా?"

ఆ తరువాత ఎప్పుడూ అనలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

పెదకర్మ అయిన మూడు నాలుగు రోజులకు పోస్టుమాన్ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఉత్తరం ఇవ్వడానికి తటపటాయించాడు. కవరు మీద అన్న చేతిరాత. నా పేరున వచ్చింది. పటాలం సంచుల్లో ఎక్కడెక్కడ తిరిగిందో, నెల దాటి వచ్చింది. అమ్మకు చదువు రాదు. నా ఎదురుగా వచ్చి కూర్చుని, "సదువు" అంది. చదివాను.

"పాపా, ఆడ కొలువు పెట్టేసి ఉంటారు. శెట్టి అంగడి పక్కన నా సిపాయి నిలబడే ఉన్నాడు గదా. ఈడ మాకు నాలుగు దినాలుగా కన్ను మూసే దోవ లేదు. నిలబడే కాపలా, నిలబడే కూడు. నిద్ర తప్ప నాకు ఇంకేం గుర్తుకు రావడం లేదు. దశమినాడు ఈసారి రాణిని వద్దు, నా సిపాయిని పడుకోబెట్టు. పడనీకు అని నీకు చెప్పి వచ్చింది నేనే, నాకు గుర్తుండాది. అయినా పడుకోబెట్టు. వాడన్నా కంటినిండా నిద్రపోనీ."

ఇంకా రెండు వాక్యాలున్నాయి, నాయన మోకాలి నొప్పి గురించి. అవి నేను పైకి చదవలేకపోయాను.

అమ్మ గూటి వైపు చూసింది. నెల పైబడి వాడు ఆ మేకుకు కట్టిన దారాల్లో నిలబడి ఉన్నాడు.

"నువ్వు పడుకోబెడితివి" అంది. "నిద్రపొయ్యేవాన్ని నేనే గదా పాపా లేపి నిలబెట్టింది."

అట్లా అనుకోవద్దమ్మా అన్నాను. అది బొమ్మేనమ్మా అన్నాను. నెలగా నాకు నేను చెప్పుకుంటున్న మాటలే. నాకు పనిచేయని మాటలు ఆమెకేం పనిచేస్తాయి! అమ్మ లేచి దారం విప్పబోయింది, ముడి రాలేదు. నేను కత్తెర తెస్తే వద్దని, పళ్లతో కొరికి తెంపింది. దారం వదులైన వెంటనే వాడు కాళ్లూ చేతులూ వాలిపోయి ఆమె ఒళ్లో పడ్డాడు. పమిట చెంగుతో ముఖం తుడిచింది. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. వాడు మాత్రం నేను దిద్దిన కళ్లతో పైకప్పు కేసి రెప్పవేయకుండా చూస్తూ ఉన్నాడు.

"వీడికి కండ్లు మూసుకోనుండేట్టు దిద్దేదానికి అవుతుందా పాపా?" అంది అమ్మ.

కుంచె తెచ్చాను. మొదటిసారి నా చెయ్యి వణికింది. అమ్మ నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి పట్టుకుంది. రెండు రెప్పలు దిద్దాను. ఆ తరువాత నేను ఏ బొమ్మకూ కళ్లు దిద్దలేదు.