గుర్రాల వారి వంశచరిత్ర

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను మొయినాబాద్ మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వేశారు. తహసీల్దారుకు కింద, గిర్దావరుకు పైన ఉండే కుర్చీ అది. సంతకం పైవారిది, తిట్లు మనవి. నా పనుల్లో ముఖ్యమైనది విరాసత్, అంటే పట్టాదారు చనిపోతే భూమిని వారసుల పేరు మీదికి మార్చడం. ఊళ్లో నోటీసు అంటించాలి. గడువులోగా ఎవరైనా అభ్యంతరం పెడితే విచారించి, ఫైలు తహసీల్దారు ముందు పెట్టాలి.

సురంగల్ ఊరి నుంచి గుర్రాల అంజమ్మ దరఖాస్తు వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కల్లో, భర్త పేరున ఉన్న ఇరవై గుంటల్లో, అంటే అరెకరంలో, టమాటా, కొత్తిమీర పండించుకుని బతుకుతోంది. అది పోతే ఆమెకు కూలి తప్ప మరో దారి లేదు.

అభ్యంతరం పెట్టినవాడు చేవెళ్లలో ఎరువుల దుకాణం నడిపే గుర్రాల రాజేశం. చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు లేచాక చాలామందికి పూర్వీకులు గుర్తుకొచ్చారు. ఈయనకు మరీ గట్టిగా గుర్తుకొచ్చారు. అర్జీకి సాక్ష్యంగా ఒక పుస్తకం జతచేశాడు, గుర్రాల వారి వంశచరిత్ర. పట్నంలో ఒక పండితుడికి చెప్పి రాయించుకున్నది. వారి మూలపురుషుడు అశ్వదళానికి సేనానాయకుడట. రాజు మెచ్చి గుర్రాల అనే బిరుదూ, ఈ భూమీ ఇచ్చాడట. ఏ రాజో, ఏ యుద్ధమో పుస్తకంలో లేదు. అట్ట మీద తెల్లగుర్రమెక్కిన వీరుడి ముఖం మాత్రం అచ్చంగా రాజేశానిదే, మీసం అదనం. దొంగ వీలునామాలు చాలా చూశాను గానీ, క్యాలెండరు బొమ్మను సాక్ష్యంగా పెట్టినవాణ్ని అప్పుడే చూశాను. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది వ్యవహారం.

విచారణ రోజున ఆ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సారూ, మాది కత్తి పట్టిన వంశం. మా నీడల బతికి మా ఇంటిపేరు పెట్టుకున్నోళ్లు వీళ్లు. ఈ ముసలామెకు మాకు ఏం సంబంధం లేదు" అన్నాడు.

అంజమ్మ గుమ్మం పక్కన బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

నేను సేత్వార్ తెప్పించాను. నిజాం కాలంలో భూమి మొదటిసారి కొలిచినప్పుడు రాసిన రిజిస్టరు అది, ఉర్దూలో ఉంటుంది. ఆఫీసులో అది చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఉన్నది ఒకటే వరుస. పట్టాదారు మల్లయ్య, జాగీర్దారు గుర్రపుశాలలో సాయీసు. సాయీసు అంటే గుర్రాన్ని తోమి, గడ్డి కోసి, లద్దె ఎత్తేవాడు. ఎక్కి తిరిగేవాడు వేరే. ఊరివాళ్లు అతనింటిని గుర్రాలోళ్ల ఇల్లు అన్నారు, అదే ఇంటిపేరుగా నిలిచింది. ఆ వంశచరిత్ర మొత్తం ఇంతే.

పైకి చదివి, తెలుగులో చెప్పాను. రాజేశం పుస్తకం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తర్వాత పద్ధతి వివరించాను. భూమి మల్లయ్యది. మీరు మల్లయ్య సంతతి అయితే ఆ మాట రాసివ్వండి, వంశవృక్షం తెండి, మీ వాటా సంగతి విచారిస్తాను. కాకపోతే మీ అభ్యంతరం చెల్లదు. కావాలంటే వారం గడువు తీసుకుని మీ పెద్దల్ని అడిగి రండి అని కూడా అన్నాను.

గడువు అక్కర్లేదన్నాడు. సాయీసు మల్లయ్యకూ తమ వంశానికీ ఎలాంటి సంబంధమూ లేదని తెల్లకాగితం మీద రాసి, ఇంగ్లీషులో పొడుగాటి సంతకం చేశాడు. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎంత ఆనందించానో దాచను. అభ్యంతరం కొట్టివేయాలని ఆ రోజే రాశాను, తహసీల్దారు సంతకం చేశారు.

ఉత్తర్వు నకలు తీసుకోవడానికి అంజమ్మ వచ్చినప్పుడు, ఊరికే అడిగాను, నిజంగా ఆ రాజేశం మీకేమీ కాడా అని.

"ఎందుకు కాడు సారూ? ఆల్ల తాత మా మామకు సొంత తమ్ముడు. ఇద్దరూ మల్లయ్య కొడుకులే. చిన్నాయన చేవెళ్లకు పోయి దుకాణం పెట్టిండు."

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నాను.

"నన్ను ఎవ్వలడిగిండ్రు? గుర్రాలు తోమినోని మునిమనుమన్ని అని ఒక్క మాటంటే, సగం రాసిద్దామనే వచ్చిన" అంది. కాగితం మడిచి కొంగున కట్టుకుని వెళ్లింది.

నిబంధన ప్రకారం విచారణలో ఇద్దరి వాంగ్మూలాలూ తీసుకోవాలి. రాజేశాన్ని చూసి నవ్వుకునే సంబరంలో ఆమె వాంగ్మూలం కాగితం ఖాళీగా వదిలేశాను. ఫైలు రికార్డు గదికి వెళ్లింది, అందులో ఆ కాగితం ఖాళీగానే ఉంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి విరాసత్ విచారణలోనూ, గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లను ముందు అడిగాను.